ఐదో భాగం పొగమంచు

కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో అద్దాలు అరగదీసే ఆవిడకి ఈ లోకంలో ఎవరూ కంటికి ఆనరు. పొద్దున తొమ్మిదికి వచ్చి, ఏప్రాన్ కట్టుకుని, చక్రం మీదకి సన్నగా నీళ్ళు వదిలి, మొదటి అద్దం అంచు ఆనించేలోపే ఇద్దరు ముగ్గుర్ని మనసులో తీసిపారేసి ఉంటుంది. బస్సులో పక్క సీటువాడు వింటున్న పాట, కొత్తగా వచ్చిన ఫ్రేముల రంగులు, ముఖానికి నప్పిందో లేదో అద్దంలో నలభైసార్లు చూసుకుని చివరికి భార్యని అడిగే పెద్దమనుషులు, అందరికీ ఒకటే తీర్పు. మూతి ఒక పక్కకి తిప్పుకోవడమే. పనికి మాత్రం వంక పెట్టలేం. ఆవిడ బిగించిన అద్దం ఊడొచ్చిందని ఇరవై రెండేళ్ళలో ఒక్కరూ తిరిగి రాలేదు.

పదకొండింటికి టీ. టీ అంటే "లాంతరు యాత్ర" మీద గొడవ.

లాంతరు యాత్ర ముప్ఫై ఏళ్ళుగా వస్తున్న వీడియో గేము. ఇప్పటికి పదకొండు భాగాలు. అన్నిట్లోనూ ఒక మూగపిల్ల లాంతరు పట్టుకుని, చీకటి కోటల్లో ఒక్కొక్క దీపమూ వెలిగించుకుంటూ పోతుంది. ఊళ్ళో ఆడనివాళ్ళు తక్కువ. ఆడుతున్నంతసేపూ ఆ భాగంలోని వాతావరణం టీవీలోంచి గదిలోకి వచ్చేస్తుంది కాబట్టి, ఎవరింట్లో ఏ భాగం నడుస్తోందో మెట్ల మీదే తెలిసిపోయేది. రెండో భాగమైతే తలుపు సందుల్లోంచి ఉప్పుగాలి కొట్టి గొళ్ళేలు తుప్పు పట్టేవి. నాలుగోదైతే గడప కింద మంచు పేరుకునేది. తొమ్మిదోదైతే పూలరేకులు, ఊడ్చుకోలేక చావాల్సిందే. టీవీ కట్టేస్తే అరగంటలో అంతా సర్దుకునేది. ఆడేటప్పుడు తలుపులు వేసుకోవాలని ప్రతి అపార్ట్‌మెంటులోనూ నోటీసు ఉండేది, నీళ్ళ ట్యాంకు కడిగే తేదీ పక్కనే.

"తొమ్మిదోదే బెస్టు మేడమ్," అంది కౌంటర్ దగ్గర కూర్చునే అమ్మాయి, టీ ఊదుకుంటూ. "ఆ పూలు, ఆ సంగీతం! చివర్లో నేను ఏడ్చేశాను."

"నువ్వు సబ్బు ప్రకటన చూసినా ఏడుస్తావు," అంది ఆవిడ. "ఎటు పోవాలో బాణం గుర్తు చూపిస్తారు. తలుపు ఎలా తియ్యాలో చెబుతారు. పడితే లేపుతారు. ఇక ఆ పిల్లకి లాంతరెందుకు? అది ఆట కాదమ్మా, చంటిపిల్లల్ని తోసే బండి."

కళ్ళ పవర్ చూసే పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "నన్నడిగితే రెండోది. ఆ సముద్రం మళ్ళీ ఎవరూ చెయ్యలేకపోయారు."

"మీకు నచ్చింది సముద్రం కాదు సార్. అది వచ్చిన ఏడాది మీ తలమీద జుట్టుండేది, అదీ మీ బాధ."

పెద్దాయన నవ్వేసి తల నిమురుకున్నాడు. ఆవిడ మాటలకి నొచ్చుకోవడం మానేసి చాలాకాలమైంది.

"నాలుగోది," అంది ఆవిడ, ఎవరూ అడక్కుండానే. "పటం లేదు, సాయం లేదు. మంచులో తప్పుడు అడుగు వేశావా, పోయావు. బుర్ర ఉన్నవాళ్ళ కోసం చేసింది అదొక్కటే."

"మరి ఐదోది?" అంది అమ్మాయి, కావాలనే.

"ఐదోదా! నాలుగోది చేసి చేతులు నొప్పి పుట్టి, బొమ్మలు గియ్యడానికి బద్ధకించి, అంతా పొగమంచు కప్పేశారు. గంట ఆడితే కనిపించేది సున్నం కొట్టిన గోడ. దాన్ని మెచ్చుకునే మేధావి ఈ ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. నా ఖర్మ కాలి వాడు నా తమ్ముడు."

తమ్ముడు సిటీ బస్సు డ్రైవరు. నలభై దాటాడు. పెళ్ళయి, ఆరేళ్ళకి విడిపోయి, రెండు సూట్‌కేసులతో అక్క దగ్గరికొచ్చి అక్కడే ఉండిపోయాడు. నెమ్మదస్తుడు. ఆవిడ లెక్కలో చేతకానివాడు. గ్లాసు బల్ల అంచున పెడితే తన్నేస్తాడు. తలుపు రెక్కకి భుజం కొట్టుకుంటాడు. "ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడవరా, బస్సు ఎలా నడుపుతున్నావో ఏమో," అని రోజుకోసారైనా అంటుంది. రెండేళ్ళ నుంచీ సాయంత్రం డ్యూటీలన్నీ మార్చుకుని, తెల్లారి వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేస్తున్నాడు. టీవీ ముందు చతికిలబడటానికే ఇదంతా అని ఆవిడ నమ్మకం. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. చేతకానివాళ్ళని కారణాలు అడగడం ఆవిడ అలవాటు కాదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే వాడు ఐదోది పెట్టాడు. కాసేపటికే గది మూలల్లోంచి పొగమంచు పాకుతూ వచ్చి, కుర్చీ కాళ్ళు మింగి, నడుము దాకా లేచింది. కింద అంతస్తులో బట్టలు కుట్టే పిన్నిగారి గొంతు కిటికీలోంచి వినిపించింది.

"మళ్ళీ ఐదోదేనా బాబూ? పొద్దున ఆరేసిన దుప్పట్లు ఇంకా పిండితే నీళ్ళు కారుతున్నాయి!"

"గంటలో కట్టేస్తాను పిన్నిగారూ!" అన్నాడు వాడు.

"ఇప్పటికి పదకొండుసార్లు పూర్తి చేశావు," అంది అక్క. "పన్నెండోసారి ఆ పొగలో కొత్తగా ఏం కనిపిస్తుందిరా నీకు?"

"నువ్వెప్పుడైనా మొదటి కోట దాటావా అక్కా?"

"అరగంట చూశాను. కూడు ఉడికిందో లేదో తెలియడానికి గిన్నె మొత్తం తినక్కర్లేదు."

"ఒక్కసారి నాతో ఆడు. తిట్టేదేదో తెలుసుకుని తిట్టు."

ఆవిడ కంట్రోలర్ లాక్కుంది. ఇది ఎంత చెత్తో ముక్క ముక్కగా విప్పి చెబితే వాడి నోరు శాశ్వతంగా మూతపడుతుందనుకుంది. పొగమంచు అప్పటికి తల దాటింది. తెర కాదు కదా, తన మోకాళ్ళే కనిపించడం లేదు. లాంతరు పిల్లని నాలుగడుగులు నడిపించి గోడకి కొట్టింది. ఇంకో నాలుగడుగులకి బావిలో పడేసింది.

"కనిపించకుండా ఎలా ఆడతార్రా ఇది!"

"విను. కుడివైపు గంట మోగుతోందా? అది గేటు. నీళ్ళ చప్పుడు దగ్గరైతే ఆగిపో. కాకి అరిస్తే పైన కప్పు లేదని అర్థం. చూడటానికి చేసింది కాదక్కా ఇది."

ఆవిడ మళ్ళీ బావిలో పడింది. తమ్ముడు లేచిన చప్పుడు, వంటింట్లో గిన్నె పెట్టిన చప్పుడు, స్టవ్ వెలిగిన చప్పుడు వినిపించాయి. కాసేపటికి వాడు ఎక్కడా తడబడకుండా వచ్చి ఆవిడ చేతికి టీ కప్పు అందించాడు. చెయ్యి ఎక్కడుందో వెతుక్కోలేదు. సాసర్లో చుక్క ఒలకలేదు.

ఎండలో గ్లాసులు తన్నేసేవాడు పొగమంచులో చుక్క ఒలకకుండా టీ తెచ్చాడు.

"నీకు కనిపిస్తోందా?" అంది ఆవిడ.

"లేదు."

"మరి?"

వాడు పక్కన కూర్చున్నాడు. మంచు మధ్యలోంచి గొంతు ఒక్కటే వచ్చింది. "నాకు పక్కచూపు పోయిందక్కా. రెండేళ్ళయింది. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది మాత్రం తెలుస్తుంది. మసక చీకటైతే అదీ లేదు. కంటి లోపలి పొర చచ్చిపోతోందట. అద్దాలతో పోయేది కాదన్నారు."

ఆవిడ కప్పు కింద పెట్టేసింది. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళ కళ్ళకి అద్దాలు అరగదీసే మనిషి. ఒకే బల్ల దగ్గర రెండేళ్ళు ఎదురుగా కూర్చుని తింది.

"డిపోలో కళ్ళ పరీక్ష చెయ్యరా?"

"బోర్డు మీద అక్షరాలు చదివిస్తారు. అక్షరాలు ఎదురుగానే ఉంటాయి కదా."

"నీ బస్సు ఎక్కేవాళ్ళు మనుషుల్లా కనిపించట్లేదా? పక్కనుంచి ఎవరైనా రోడ్డు దాటితే?" ఆవిడ గొంతు పెరిగింది. "రేపే వెళ్ళి చెప్పేసెయ్."

"పంతొమ్మిదేళ్ళ సర్వీసు. ఆ చక్రం వదిలితే నేనెవర్నక్కా? నువ్వు రోజూ తిట్టే ఆ చేతకానివాడినేగా?"

నిజానికి బయట ఎవరైనా ఇలాంటి పని చేస్తే వాడి గురించి ఏం మాట్లాడేదో ఆవిడకి తెలుసు. ఆ మాటలన్నీ నాలుక మీదే ఉన్నాయి. కానీ వాటిలో సగం తనకే తగులుతాయని మొదటిసారి అనిపించింది.

సాయంత్రం దాకా వాదించుకున్నారు. వాడు ఒప్పుకోలేదు. తెల్లారాక ఆరున్నరకి డ్యూటీ ఉందని చెప్పి తొందరగా పడుకున్నాడు. ఆవిడ టీవీ కట్టెయ్యలేదు. కిటికీలన్నీ బార్లా తీసింది, వీధి తలుపు తీసి చెప్పు అడ్డం పెట్టింది. వీధులన్నీ కమ్మేస్తే పొద్దున ఏ బస్సూ కదలదనుకుని, వెళ్ళి పడుకుంది. పొగమంచు రాత్రంతా మెట్లు దిగుతూనే ఉంది.

పొద్దున వీధి లేదు. వీధి దీపాలు లేవు, ఎదురు భవనం లేదు. పిన్నిగారు బాల్కనీలోంచి ఎవర్నో తిడుతోంది, మాటలు మాత్రం తడిసి నేల మీదకి జారుతున్నాయి. తమ్ముడు వెళ్ళిపోయాడు. ఆవిడ కంగారుగా దిగి, గోడలు తడుముకుంటూ డిపో వైపు బయల్దేరింది. మామూలుగా పది నిమిషాల దారి. ముందు సైకిలుని గుద్దుకుంది. తర్వాత చెత్తడబ్బాని. తర్వాత ఒక పెద్దమనిషిని గుద్దుకుంది, ఆయనా దారి తెలియక స్తంభాన్ని కావలించుకుని ఉన్నాడు. డిపో దగ్గరపడిందని ఇంజన్ల కమురు వాసన వల్ల తెలిసింది. లోపల అరుపులు, హారన్లు. ఒక్క బస్సూ కదలడం లేదు. మనుషులు గేటెక్కడో తెలియక ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తొక్కుకుంటున్నారు.

ఎవరో వచ్చి ఆవిడ మోచెయ్యి పట్టుకున్నారు.

"నువ్వెందుకొచ్చావక్కా?"

"నేనని ఎలా తెలిసింది?"

"చెప్పులు అలా ఈడ్చుకుంటూ నడిచేది ఊళ్ళో నువ్వొక్కదానివే. నా భుజం పట్టుకో, వదలకు."

వాడి వెనక అప్పటికే పెద్ద వరస ఉంది. డ్రైవర్లు, కండక్టర్లు, మొదటి బస్సు కోసం వచ్చినవాళ్ళు, అందరూ ఒకళ్ళ భుజం ఒకళ్ళు పట్టుకుని నడుస్తున్నారు. కిక్కురుమనడం లేదు. వాడు మధ్యమధ్యలో ఆగి చెవి పెట్టి, "ఇక్కడ కాలువ, పెద్ద అడుగు వెయ్యండి," అంటున్నాడు. ఇప్పటికి నాలుగు విడతలుగా జనాన్ని గేటు దాటించాడట. నలభై మందికి పైమాటే.

చివర్లో డిపో మేనేజరు టార్చిలైటు పట్టుకుని దొరికాడు. ఆ వెలుతురు ఆయన బొడ్డు దాకా కూడా పోవడం లేదు.

"నువ్వు మనిషివా గబ్బిలానివా?" అన్నాడు మేనేజరు రొప్పుతూ. "నా కాళ్ళే నాకు కనపడి చావట్లేదు. నువ్వెలా తిరుగుతున్నావురా?"

ఎక్కడో రేడియేటరు నుంచి నీటి చుక్క పడుతోంది. ఆవిడ చేతికింద వాడి భుజం బిగుసుకుని, మెల్లగా వదులైంది.

"నాకు రోజూ ఇంతే సార్," అన్నాడు తమ్ముడు.

మిగతాదంతా చెప్పేశాడు. ఎవరి ముఖమూ ఎవరికీ కనిపించని ఆ తెల్లటి మంచులో నిలబడి, పక్కవాడి గురించి చెబుతున్నట్టు చెప్పాడు. మేనేజరు బూతులు తిట్టాడు. "అరవై మంది ఎక్కుతారురా నీ బండి! అరవై మంది!" అన్నాడు. ఇంకా తిట్టాడు. తర్వాత ఆయన కూడా అలిసిపోయాడు.

"తాళం ఇటివ్వు."

తాళం చేతులు మారిన చప్పుడు ఆవిడకి స్పష్టంగా వినిపించింది.

ఇంటికి దారి వాడే చూపించాడు. ఇంట్లోకి రాగానే ఆవిడ టీవీ కట్టేసింది. పిన్నిగారు ఒక దుప్పటి ఎత్తుకొచ్చి ఆవిడ ఒళ్ళో పడేసి, "నువ్వే ఉతికివ్వు," అని వెళ్ళింది. ఆవిడ నోరెత్తకుండా ఉతికింది. అలా నోరెత్తకపోవడం పిన్నిగారికి పొగమంచు కంటే వింతగా తోచింది.

విచారణ జరిగింది. మూడు నెలలు వాడిని ఇంట్లో కూర్చోబెట్టారు. ఆ మూడు నెలలూ వాడు గోడ వైపు తిరిగి పడుకునేవాడు, ఏ భాగమూ పెట్టేవాడు కాదు. చివరికి మేనేజరే కబురు పెట్టాడు. బస్సుల షెడ్డులో పొద్దున్నే ఒక్కొక్క ఇంజనూ స్టార్ట్ చేస్తుంటే విని, ఏది దగ్గుతోందో, ఎక్కడ బెల్టు వదులైందో చెప్పాలి. మొదటి వారం మెకానిక్కులు ముసిముసిగా నవ్వుకున్నారు. రెండో వారం వాడు చెప్పాక మళ్ళీ విప్పి చూడటం మానేశారు.

షాపులో ఆవిడ మారిందని ఎవరూ అనలేరు. కౌంటర్ అమ్మాయికి నచ్చిన తొమ్మిదో భాగాన్ని ఇప్పటికీ చీల్చి చెండాడుతూనే ఉంది. పెద్దాయన జుట్టు సంగతి కూడా వదల్లేదు. కాకపోతే పవర్ చూపించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ పక్కచూపు పరీక్ష కూడా చెయ్యమని పెద్దాయన వెంటపడి, ఆయన ప్రాణం తోడేస్తోంది. ఆ వంకన గత నెలలో ఇద్దర్ని పెద్దాసుపత్రికి పంపారు.

ఆదివారాలు తలుపులు, కిటికీలు గట్టిగా మూసుకుని ఐదోది పెడుతున్నారు. కంట్రోలర్ ఆవిడ చేతిలో ఉంటుంది. అద్దాల పనిలో ఇరవై రెండేళ్ళ అనుభవం, నాలుగో భాగంలో ఊళ్ళోకెల్లా తక్కువసార్లు చచ్చిన రికార్డు ఉన్న మనిషి, ఇప్పటికి మొదటి కోట గేటు దగ్గర పంతొమ్మిదిసార్లు బావిలో పడింది.

"గంట కుడిపక్క మోగుతుంటే ఎడమకి పోతావేంటి?" అన్నాడు తమ్ముడు సోఫాలో వాలి. "ఆ చెవులు కమ్మలు పెట్టుకోవడానికేనా? మా షెడ్డులో కుక్కని కూర్చోబెట్టినా ఈపాటికి మూడో కోటలో ఉండేది."

పొగమంచులో వాడి నవ్వు గదంతా తిరిగింది. భార్యతో విడిపోయాక వాడు అలా నవ్వడం ఆవిడ వినలేదు.

"నోరు ముయ్యి, వినిపించట్లేదు," అని ఆవిడ మళ్ళీ మొదట్నుంచి పెట్టింది.