ఉగ్గానికి జత

మిరపకాయ బజ్జీలో వాము పడాలి, గింజ తియ్యకూడదు, గింజ తీసినవాడు బజ్జీ వెయ్యడానికి పనికిరాడు, అని మధ్యాహ్నం ఆఫీసులో తాను అన్న మాట లూదియా చెవిలో మళ్ళీ పడింది, నంద్యాల బస్టాండు ఎదుట పాండురంగయ్య హోటల్లో పార్సిల్ బల్ల దగ్గర నిలబడి ఉండగా, గొంతు తనదే గాని మాట తనది కాదు, నాయనది, తాను ఈ ఊరి తిండి గురించి చెప్పే మాటలన్నీ నాయనవే, కాకినాడ నుంచి విత్తనాల కంపెనీకి కొత్తగా వచ్చిన దివ్యశ్రీ ఏమండీ మీరు లోకల్ కదా, ఇక్కడ ఏం బాగుంటాయి అని అడిగితే, ఎప్పుడూ నోరు విప్పని తాను ఎంతసేపు మాట్లాడింది, ఉగ్గాని అయితే పాండురంగయ్య దగ్గరే, ఎర్రకారం దోశ శ్రీనివాస సెంటర్ బండి మీద, సంగటీ నాటుకోడి పులుసూ అయ్యలూరు మెట్ట దగ్గర లారీలు ఆగే మెస్సులో, బోటీ వేపుడు నూనెపల్లె బార్లో, అనేసరికి ఆ పిల్ల పకపకా నవ్వి బార్లోనా, అయ్య బాబోయ్, మీకెలా తెలుసండీ అంది, తెలుసు, అంతే, ఆదివారం సాయంత్రమైతే కేసీ కాలువ గట్టు, ఇంకా టైముంటే వెలుగోడు రిజర్వాయరు కట్ట, అక్కడి గాలికి ఆకలేస్తుంది అని కూడా చెప్పింది, అదీ నాయన మాటే, సరే అయితే ఈ ఆదివారం మీ ఉగ్గాని హోటల్‌కి పోదాం, లోపల ఆడవాళ్ళు కూర్చోడానికి బాగుంటుందా, ఫ్యాను ఎటువైపు ఉంటుంది అని దివ్యశ్రీ అడిగినప్పుడు మాత్రం లూదియా కంప్యూటర్ వైపు తిరిగిపోయింది, ఎందుకంటే ఆ హోటల్లో ఫ్యాను ఎటువైపు ఉంటుందో ఆమెకు తెలియదు, పార్సిల్ బల్ల దాటి ఆమె ఎప్పుడూ లోపలికి పోలేదు.

ఇప్పుడు తల వంచి చూస్తే కనిపిస్తోంది, ఫ్యాను నడిమధ్యనే ఉంది, దాని కింద నలుగురు ఎదురెదురుగా కూర్చుని ఒకరి మాటకు ఒకరు అడ్డం వస్తూ తింటున్నారు, పార్సిలే గదమ్మా అన్నాడు పాండురంగయ్య, అడగడం కాదు, అప్పటికే ఆకు పరిచి బొరుగులు వేస్తున్నాడు, తడిపి పిండి, పసుపూ పుట్నాల పొడీ వేసి తాలింపు పెట్టిన ఆ బొరుగుల వాసనకు ఆమెకు ఆకలేసింది, ఆకలి వేసిందన్న సంగతి కూడా అలసటలాగే అనిపించింది, మీ నాయన యెట్లుండాడు, తింటాండాడా అని అడిగాడు, ఏమి తినేది పెద్దాయనా, రెండు ముద్దలు, అంతే, జతకు ఇంకేమన్నా ఉంటే కట్టు అంది లూదియా, ఆయన చేతిలో గరిటె ఆపి ఆమె వైపు చూశాడు, ఉగ్గానికి బజ్జీ జత, బజ్జీకి ఉగ్గాని జత, దానికి మల్లా జతేందమ్మా అని నవ్వి, అయినా చెనిక్కాయల పచ్చడి ఇంకో పొట్లం కట్టి, ఆయప్ప వొస్తే ఎప్పుడూ రెండు ప్లేట్లు చెప్పేటోడు, తెలుసునా, ఎదర ఎవురు కూచోనుంటే వాళ్ళకొకటి, తెలిసినోడైనా తెలీనోడైనా, నేను తిట్టేవాణ్ణి, జీపు తోలి సంపాదిచ్చేదంతా నా కొట్లోనే పెడ్తాండావు గదప్పా యోబూ అని, అన్నాడు, ఆమె ఊ అంది, బస్సు హారను వినబడుతోంది, ఆ మాట అక్కడే బల్ల మీద వదిలేసి వచ్చేసింది.

ఆళ్ళగడ్డ బస్సు నిండా జనమే, ముందు వరసలో ఒక ముసలామె మూటను ఒళ్ళోకి తీసుకుని జరిగి, రా పాపా, నా జత కూచో, ఆ పక్క ఎండ పొడుస్తాంది అంది, కూర్చుంది, పొట్లం ఒళ్ళో పెట్టుకుంది, ఆకులోంచి వేడి చీరలోకి దిగి తొడలకు తగులుతోంది, ఆరు నెలలుగా రోజూ ఇదే వేడి, నంద్యాలలో ఎక్కితే అయ్యలూరు మెట్ట దాకా కాలుతుంది, శిరివెళ్ళ వచ్చేసరికి గోరువెచ్చన, ఆళ్ళగడ్డలో దిగేసరికి చల్లన, బజ్జీ మెత్తబడి తడిసిన గుడ్డలాగా అవుతుంది, అది విప్పి నాయన ముందర పెడితే ఆయన ఎడమ చేతిలో స్పూను పట్టుకుని దాన్ని కాసేపు చూస్తాడు, కుడి చెయ్యి పక్షవాతానికి పోయింది, మాట కూడా పోయింది, పూర్తిగా కాదు, పాపా అనే మాట మిగిలింది, నీళ్ళు అనేది మిగిలింది, ఇంకొకటి మిగిలింది, జత, రెండు ముద్దలు తిన్నాక స్పూను పళ్ళెంలో పెట్టి, నోరు ఒకవైపు లాగుతుండగా, జ… జత, అని తల ఎత్తి ఆమె మొహంలోకి చూస్తాడు, జతకు ఏం కావాల నాయనా, పచ్చడా, పెరుగా, వేపుడా, అంటే తల అడ్డంగా ఊపుతాడు, మళ్ళీ జత అంటాడు, అంతే, పళ్ళెం అవతలికి నెట్టేస్తాడు, మరి వాళ్ళ ఇంట్లో ఆ మాటకు నంజుకునేది అని తప్ప ఇంకో అర్థం ఎప్పుడుంది గనుక, అమ్మ హన్నమ్మ బతికున్నప్పుడు పొయ్యి దగ్గరనుంచి కేకవేసేది, సంగటి అయ్యింది, జతకేం చేసేదీ, అని, ఊరిబిండో పుల్లకూరో నాయన చెప్పేవాడు, ఆ లెక్కనే ఆమె ఆరు నెలలుగా ఊరంతా తిరుగుతోంది, మెస్సులో నాటుకోడి పులుసు, బండి మీద ఎర్రకారం, ఒకరోజు సిగ్గు చంపుకుని బార్ పక్క సందులో నిలబడి బోటీ వేపుడు, ఏదీ ఆయన అడిగే జత కాదు, పోయిన వారం డాక్టరు ఆయన చొక్కా వదులు కావడం చూసి ఇట్లే పోతే ముక్కులో గొట్టం పెట్టాల్సి వస్తుందమ్మా అన్నాడు, మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాం అన్నాడు, ఆ రావడం ఎల్లుండి, ముక్కులో గొట్టం, ఏ హోటల్లో పచ్చిమిర్చి ఘాటు ఎంతో చెప్పే నాయనకు, నాలుక మీద ఏమీ పడకుండా పాలు పోతాయి.

కిటికీలోంచి కాలువ ఒకసారి కనిపించి పోయింది, నీళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఎక్కడో వాన పడినట్టుంది, ముసలామె నిద్రకు ఊగుతూ లూదియా భుజం మీద వాలింది, బరువేమీ లేదు, ఆమె కదల్లేదు, కదిలే ఓపిక కూడా లేదు, బార్ అంటే గుర్తుకొచ్చింది, అప్పుడు వాళ్ళు నూనెపల్లెలోనే ఉండేవాళ్ళు, చీకటి పడితే అమ్మ పో, మీ నాయన్ని పిల్చుకొని రా, నీ మాటైతే వింటాడు అని పంపేది, తలుపు దగ్గర ఆకుపచ్చ బల్బు, లోపల పొగ, ఆమె గడప ఇవతలే నిలబడేది, నాయన ముందర ఒకే బీరు సీసా, అది వేడెక్కి చేదైపోయి ఉండేది, ఎదురుగా జకరయ్య మామ, అతనిదీ జీపే, ఇద్దరి మధ్య ఒక ప్లేటు బోటీ, నాయన మెత్తగా ఉన్న ముక్క ఏరి జకరయ్య వైపు తోసేవాడు, జకరయ్య దాన్ని తిరిగి ఇటు తోసేవాడు, ఎవరూ తినకుండా ఆ ముక్క అటూ ఇటూ నడిచేది, ఆమెకు నవ్వొచ్చేది, ఆదివారం గుళ్ళో పాస్టరు తాగుబోతుల మీద వాక్యం చెబితే అమ్మ పక్కకు తిరిగి నాయనను చూసేది, ఇంటికొచ్చాక నాయన తాగేదానికి కాదులేబ్బా నేను పోయేది, కూచునేదానికి అనేవాడు, అమ్మ నమ్మేది కాదు, కూచునేదానికి ఇంట్లో గడప లేదా అనేది, అని లోపలికి పోయేది, వడ్డించి, నిలబడేది, ఎప్పుడూ నిలబడేది, ఇప్పుడు ఆలోచిస్తే అమ్మ కూర్చుని తింటుండగా చూసిన గుర్తే లేదు, ఈస్టరు మరుసటి రోజు అందరూ జీపులో వెలుగోడు కట్ట మీదికి పోయినప్పుడు కూడా, దుప్పటి పరిచి చిత్రాన్నం విప్పాక, నాయన రా, కూచో హన్నమ్మా, నీళ్ళు జూడు ఎట్లుండాయో అంటే, మీరు తినండి, నేను తర్వాత తింటాలే అని కొంగు గాలికి ఎగురుతుంటే పట్టుకుని, చేతిలో గరిటెతో, ఆ కట్ట మీద, అంత నీళ్ళ ముందర, నిలబడే ఉంది, నాయన కాసేపు ఆమె వైపే తల ఎత్తి చూసి పళ్ళెంలోకి వంగాడు, ఆ చూపు, తల ఎత్తి చూసే ఆ చూపు ఎక్కడో మళ్ళీ చూసినట్టుంది గాని బస్సు శిరివెళ్ళలో ఆగింది.

ముసలామె ఉలిక్కిపడి లేచి, మూట సర్దుకుంటూ, ఇంతసేపూ నీ మీదనే పండుకొంటినా, చెప్పకపోతివే, అంది, పర్వాలేదవ్వా, అంటే, నన్ను రంగమ్మ అంటారులే, పక్క సీట్లో రాయి మాదిరి ఒక్క మాటా మాట్లాడకపోతివి, అయినా నీ జత దోవే తెలీలేదు పాపా, అని నవ్వి దిగిపోయింది, బస్సు కదిలింది, ఖాళీ అయిన సీటు ఇంకా వెచ్చగా ఉంది, నీ జత, అంది, మాట్లాడకపోయినా జత, నా జత కూచో అని ఎక్కించుకుంది, నీ జత దోవ తెలీలేదు అని దిగిపోయింది, ఊరంతా ఆ మాటను అట్లానే అంటుంది, తాను కూడా అంటుంది, బళ్ళో ఉన్నప్పుడు ప్రమీల జత పోతాండా అని చెప్పే కదా ఇంట్లోంచి బయలుదేరేది, వంట దగ్గర మాత్రమే అది పచ్చడి అవుతుంది, రెండు ప్లేట్లు చెప్పేటోడు అన్నాడు పాండురంగయ్య, ఎదర ఎవురు కూచోనుంటే వాళ్ళకొకటి, దానికి మల్లా జతేందమ్మా అన్నాడు, ఒళ్ళో పొట్లం చల్లబడుతోంది, జకరయ్య మామ డోన్‌లో కూతురి దగ్గరికి పోయి అక్కడే పోయాడు, అమ్మ అంతకు ముందే పోయింది, ఇప్పుడు నాయన పళ్ళెం ముందర ఎవరున్నారు, తాను ఉంది, ఎట్లా ఉంది, నిలబడి ఉంది, గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, ఎంత తిన్నాడో చూస్తూ, డాక్టరుకు ఏం చెప్పాలో అనుకుంటూ, నువ్వు తిను నాయనా, నేను తర్వాత తింటాలే, అని అంటూ.

దేవా అనుకుంది, ఆళ్ళగడ్డ వచ్చింది, రోడ్డు పక్కన రాళ్ళు చెక్కేవాళ్ళు ఉలులు సర్దుకుంటున్నారు, దుమ్ము వాళ్ళ రెప్పల మీద తెల్లగా ఉంది, ఆమె వేగంగా నడవాలనుకుంది గాని రోజూ నడిచినట్టే నడిచింది, నాయన వసారాలో కుర్చీలో, రోడ్డు వైపు మొహం పెట్టుకుని ఉన్నాడు, పాపా, అన్నాడు, వొచ్చినా నాయనా, అంది, మొహం కడుక్కుంది, ఒక పళ్ళెం తీసింది, కాసేపు నిలబడి ఇంకొకటి తీసింది, అది అమ్మది, అంచు దగ్గర సొట్ట, కుర్చీ ముందర స్టూలు వేసి ఒక పళ్ళెం దానిమీద పెట్టింది, ఆకు విప్పింది, వడ్డించింది, వడ్డించగానే కాళ్ళు వాటంతటవే గోడ దగ్గరికి పోయాయి, వీపు గోడకు తగిలింది, ఎంత వింత, తెలిసిన తర్వాత కూడా, నాయన ఉగ్గాని ఒక స్పూను తిన్నాడు, ఇంకొకటి తిన్నాడు, స్పూను పెట్టేశాడు, తల ఎత్తి, కట్ట మీద అమ్మను చూసినట్టు, చూశాడు, జ… జత, అన్నాడు.

ఆమె గోడను వదిలి వచ్చి స్టూలుకు ఇవతల కింద కూర్చుంది, రెండో పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంది, ఉగ్గాని వేసుకుంది, నోట్లో పెట్టుకుంది, చల్లబడింది, నూనె గడ్డకట్టినట్టుంది, అయినా ఆకలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఇన్నాళ్ళూ మోసిన తిండి రుచి ఇదా అనుకుంది, నాయన ఆమె నమలడం చూస్తున్నాడు, నోరు ఒకవైపుకు లాగింది, అది నవ్వో కాదో చెప్పలేం, తర్వాత ఎడమ చేతి స్పూనుతో మెత్తబడిన బజ్జీని కొంచెం కొంచెంగా అంచు దాకా తోశాడు, బజ్జీ జారి ఆమె పళ్ళెంలో పడింది, ఆమె దాన్ని తుంచి సగం తిరిగి ఆయన పళ్ళెంలో వేసింది, ఆయన ఆ సగం తిన్నాడు, గింజ తియ్యలేదు, ఘాటుకు ముక్కు ఎగబీల్చాడు, స్పూను మళ్ళీ ఉగ్గానిలోకి దిగింది, మళ్ళీ దిగింది, లూదియా లెక్క పెట్టడం మానేసింది, గోడకు ఆనుకుని ఆరు నెలలు నిలబడిన నడుము ఇప్పుడు నొప్పి పుడుతోంది, ఎంత అలసిపోయిందో కూర్చున్నాకనే తెలుస్తోంది, తాను కూడా ఇన్నాళ్ళూ ఒక్కతే తిన్నది, వంటింట్లో, నిలబడి, దీపం కూడా వెయ్యకుండా, అక్కడ తన ముందర కూడా ఎవరూ లేరు, జత అనే ఆ మాట ఆయన నోట్లో మిగిలిపోయింది గాని, అది ఇద్దరిదీ.