ఏడో పెట్టె మీద దీపం

చింతపండు పిసుకుతూ చదివినందువల్ల ఆ పుస్తకంలో నలభయ్యో పేజీ నుంచి అరవై రెండో పేజీ దాకా పులుసు మరకలున్నాయి. పుస్తకం అంటే అచ్చు పుస్తకం కాదు. మా ఆయన త్యాగరాజు గారు కలకత్తాలో పదిహేను రోజులు ట్రైనింగుకి వెళ్ళి, వస్తూ వస్తూ తెచ్చిన జిరాక్సు కాగితాల కట్ట. ఆఫీసులో కొత్తగా పెట్టిన పెద్ద కంప్యూటర్‌ని ఎలా నడపాలో అందులో ఉంది. రెండు నెలల్లో డిపార్టుమెంటు పరీక్ష. ఆ కట్ట తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి, "నీకు పగలంతా ఖాళీయే కదా, కొంచెం సదివి నాకు సెప్పు" అన్నారు.

పగలంతా ఖాళీ అన్నది నిజమే అయ్యుండాలి. ఆయన పగలు ఇంట్లో ఉండరు కాబట్టి కాదనడానికి సాక్ష్యం లేదు. ఖరగ్‌పూర్ నిమ్‌పురాలో, మా రైల్వే క్వార్టర్లో కుళాయి పొద్దున ఐదున్నరకి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి వస్తుంది. ఈ రెండింటి మధ్యా ఇద్దరు పిల్లల క్యారేజీలు, అత్తగారికి ఉల్లిపాయ లేని కూర, మాకు ఉల్లిపాయ ఉన్న కూర, ఉతుకు, ఇస్త్రీ, రేషను. మిగిలిన ఖాళీలో కంప్యూటర్ నేర్చుకున్నాను.

నాది బి.ఎస్సీ. లెక్కలు, ఫస్టు క్లాసు. 1982లో పెళ్ళిచూపులప్పుడు మా నాన్న ఆ మాట గర్వంగా చెప్తే, అత్తగారు బాలాంబ గారు కాసేపు ఆలోచించి, "మంచిదే, పాలోడి దగ్గర మోసపోదు" అన్నారు. పద్నాలుగేళ్ళుగా నా ఫస్టు క్లాసు పాలవాడి దగ్గరే ఖర్చవుతూ వచ్చింది.

నేను తెలుగులో నోట్సు రాసుకుని, ఆయన గడ్డం గీసుకుంటుంటే చదివి వినిపించేదాన్ని. ఏదైనా అర్థం కాకపోతే అద్దంలోంచి నా వైపు చూసి, "సరిగా సెప్పు" అనేవారు. ఆయనకి అర్థం కాకపోవడం ఎప్పుడూ నా తప్పే. పరీక్ష ఆరో అధ్యాయం దాకానే. పాసయ్యారు. కాగితాల కట్ట పాత పేపర్ల మీదకి చేరింది. కథ మధ్యలో వదిలేస్తే నాకు మనసు పట్టదు. మిగతా అధ్యాయాలు నా కోసం చదువుకున్నాను.

ఆఖర్న దీపాల గురించి నాలుగు పేజీలున్నాయి. ఆ కంప్యూటర్ తన సమాచారమంతా దాచుకునే డిస్కులు ఇటుకల్లాంటి పెట్టెల్లో వరసగా ఉంటాయట. ప్రతి పెట్టె మీదా ఆవగింజంత పచ్చ దీపం. తెర ముందు కూర్చుని ఒక కమాండు కొడితే, మనం అడిగిన డిస్కు మీద దీపం మాత్రం ఆగి ఆగి వెలుగుతుంది. ఇంకో కమాండు కొట్టేదాకా అలా వెలుగుతూనే ఉంటుంది. ఏ పెట్టె ఏదో మనిషి కంటికి తెలియడం కోసం ఈ ఏర్పాటు. ఆ నాలుగు పేజీలూ ఎన్నిసార్లు చదివానో. చూడని యంత్రం మీద, ముట్టుకోని బటన్లతో, పొయ్యి ముందు నిలబడి ఒక్కొక్క దీపాన్నీ మనసులోనే వెలిగించి ఆర్పుకునేదాన్ని. చారు పొంగిపోయిన రోజులున్నాయి. "ఏటే కోడలా, పుట్టింటి గురించి ఆలోసిస్తున్నావా?" అనేవారు అత్తగారు. ఔనండీ అనేదాన్ని. మా ఇంట్లో అనుమతి ఉన్న ఆలోచన అదొక్కటే.

1996 ఆగస్టులో మా ఆయన పనిచేసే కంప్యూటర్ సెక్షన్లో ఒక అసిస్టెంటు కావాలని నోటీసు పెట్టారు. డిగ్రీ ఉండాలి, కంప్యూటర్ అనుభవం ఉండాలి, ఉద్యోగుల ఇళ్ళలో ఆడవాళ్ళకి ప్రాధాన్యం. మా ఆయన అన్నం తింటూ ఈ కబురు ఎవరి గురించో చెప్పినట్టు చెప్పారు. మజ్జిగ పోస్తూ, "నేను పెట్టుకుంటానండీ" అన్నాను.

"పెట్టుకో. వద్దన్నదెవరు?" అన్నారాయన. మంచివారు. నిజంగానే వద్దనలేదు. కానీ నేను నింపిన కాగితంలో అనుభవం అన్న గడి దగ్గర 'ఇంట్లో చదువుకున్నాను' అని ఉండటం చూసి నవ్వారు. "ఇంట్లో సదివితే అనుభవం ఏటవుతాది?"

అత్తగారు విస్తట్లోంచి తలెత్తకుండానే, "కోడలు కుర్సీలో కూర్సుంటే పొయ్యి దగ్గర ఎవులు నిలబడతారు?" అన్నారు. దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి మజ్జిగ గిన్నెతో నిలబడి ఉంది.

ఆ కుర్చీ నాకు కావాలి. పిల్లల చదువుల కోసం అని ఇంట్లో చెప్పాను, అది అందరికీ అర్థమయ్యే కారణం కాబట్టి. అసలు కారణం, ఆ దీపాలు నా చేత్తో వెలిగించాలని. నలభై ఏళ్ళకి దగ్గర పడుతున్న ఆడమనిషి ఇలాంటి కోరిక ఎవరితో చెప్పుకుంటుంది?

సెప్టెంబరు పదిహేడున విశ్వకర్మ పూజ. ఖరగ్‌పూర్‌లో ఆ రోజు షెడ్లూ వర్క్‌షాపులూ గేట్లు తెరిచి ఇంటిల్లిపాదినీ లోపలికి రానిస్తారు. మిగతా రోజుల్లో భర్త ఏం పని చేస్తాడో భార్యకి తెలిసేది చొక్కా మీద మరకల్ని బట్టే. మా ఆయన పనిలో మరకలుండవు. నాకు అదీ లేదు.

పూజకి యంత్రాలని కడిగి బొట్టు పెట్టాలి. కంప్యూటర్‌ని కడగలేరు. అందుకని మా ఆయన ముందు రోజే అటెండరు సమూయేలు చేత డిస్కు పెట్టెలన్నీ తుడిపించి, వాటి మీద మాసిపోయి అంటుకుని ఉన్న కాగితం ముక్కలు గీకించి, ఒక్కొక్కదానికీ గంధం, కుంకుమ పెట్టించారు. ఆ కాగితం ముక్కలు డిస్కుల నంబర్లు.

చెప్పులు బయట విడిచి, ప్రసాదం పళ్ళెంతో నేను ఆ చల్లటి గదిలోకి అడుగుపెట్టేసరికి పదకొండయింది. ఎనిమిది పెట్టెలు, ఎనిమిది బొట్లు, ఎనిమిది పచ్చ దీపాలు. పెళ్ళిచూపులకి ఒకే ఇంటి పిల్లలందరినీ కూర్చోబెట్టినట్టున్నాయి. అత్తగారు చలికి గుమ్మంలోనే ఆగిపోయారు. తెర ముందు మా ఆయన, ఆయన భుజం వెనక ఆఫీసరు భీమశంకరం గారు. ఇద్దరి మొహాల్లోనూ పండగ లేదు. ఫలానా నంబరు డిస్కు చెడిపోతోందని తెర మీద అప్పుడే వచ్చింది.

అక్కడ ప్రతి డిస్కుకీ ఒక కవల ఉంటుంది. రెండింట్లోనూ ఒకటే రాసి ఉంటుంది. చెడ్డదాన్ని తీసి కొత్తది పెడితే మంచిది దానికి నేర్పుకుంటుంది. పొరపాటున మంచిదాన్ని లాగేస్తే రెండూ పోయినట్టే. ఆ డిస్కుల్లో ఉన్నది పద్నాలుగు వందల మంది క్వార్టర్ల వెయిటింగు లిస్టు. ఈ ఊళ్ళో మనిషి ఏది పోయినా ఊరుకుంటాడు గానీ ఆ లిస్టులో తన వరస పోతే ఊరుకోడు.

"ఆలస్యం చెయ్యకండి. తీసి కొత్తది పెట్టండి," అన్నారు భీమశంకరం గారు.

మా ఆయన లేచి పెట్టెల ముందు నిలబడ్డారు. చేయి గాలిలో ఆగింది.

"నంబర్లు మీరే గీకీమన్నారు గదా సార్," అన్నాడు సమూయేలు, ఎంతో మర్యాదగా.

"పైనుంచి నాలుగోదే. నాకు గుర్తుంది," అన్నారు మా ఆయన. ఇంట్లో తాళాలు పోయినప్పుడల్లా ఆయనకి అలాగే గుర్తుంటుంది. అన్ని దీపాలూ ఒకేలా వెలుగుతున్నాయి, చెడుతున్నదానిది కూడా. ఆయన చేయి నాలుగో పెట్టె మీద పడింది. నేను పక్కకి వెళ్ళి, పళ్ళెం ఆయన ముందుకి చాపి, వంగి, చెవిలో అన్నాను: "లాగకండి. దీపం కమాండు కొట్టండి."

"ఏ దీపం?"

"నేను చెప్తాను. వెళ్ళి కూర్చోండి."

కూర్చున్నారు. పళ్ళెం పట్టుకునే ఆయన చెవిలో ఒక్కొక్క అక్షరం చెప్పాను, ఆఖర్న తెర మీదున్న డిస్కు నంబరు. ఆయన కొట్టారు. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తరవాత ఏడో పెట్టె మీద, కుంకుమ బొట్టు పక్కన, పచ్చ దీపం ఆరింది, వెలిగింది, ఆరింది. నా కాన్పులప్పుడు పిల్లల మొదటి ఏడుపు విన్నప్పుడు కూడా నాకు అంత ఆశ్చర్యం కలగలేదు. తల్లి ఇలా రాయకూడదు గానీ, రాశాను.

పూజకి చేరిన స్టాఫంతా ఏడో పెట్టె ముందు మూగారు. "సాబాష్, త్యాగరాజు దా," అన్నారెవరో. బెంగాలీలో దా అంటే అన్న. భీమశంకరం గారు మాత్రం పెట్టె వైపు చూడటం లేదు, నన్ను చూస్తున్నారు. ఆయనది విజయనగరం. తెలుగులో ఎంత మెల్లగా చెప్పినా ఆయన చెవిన పడుతుంది.

"మీరేనా అమ్మా చెప్పింది?" అన్నారు.

మా ఆయన చెవి ఎర్రబడింది. నాకు ఆ చెవి ఒక్కటే కనిపించింది. ఎవరూ నా నోరు నొక్కలేదు. కనుసైగ కూడా చెయ్యలేదు. నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"ప్రసాదం తీసుకోమన్నానండీ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బాగా పేలిన మాట కదా. అలాంటి మాటలు అప్పటికప్పుడు పుట్టవు. పద్నాలుగేళ్ళు సాధన చెయ్యాలి.

డిస్కు మార్చారు. దీపం ఆర్పే కమాండు మాత్రం ఎవరూ నన్ను అడగలేదు. ఏడో పెట్టె మీద అది మూడు రోజులు కొట్టుకుంటూనే ఉంది. పక్క సెక్షన్ల వాళ్ళు వచ్చి, విశ్వకర్మ మహిమ అని దణ్ణం పెట్టి వెళ్ళారట. నాలుగో రోజు మా ఆయన గడ్డం గీసుకుంటూ, "అది ఆరడం లేదేటి?" అన్నారు. చెప్పాను.

ఉద్యోగం ఆలిస్ అనే అమ్మాయికి వచ్చింది. ఈ ఊళ్ళోనే ఖరిదాలో ఉంటుంది, ఆరు నెలల కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకుంది. తెలివైన పిల్ల, ఆమెని ఒక్క మాట అనడానికి లేదు. ఆమెకి వచ్చిన సందేహం సాయంత్రానికి మా వంటింటికి చేరేది, జవాబు మర్నాడు పదింటికి ఆఫీసుకి వెళ్ళేది. జీతం మాత్రం ఆ దారిన నడిచేది కాదు. మా ఆయన సెక్షన్ ఇన్‌ఛార్జి అయ్యారు. ఇంటికి టెలిఫోను వచ్చింది.

ఫిబ్రవరిలో భీమశంకరం గారు రిటైరయ్యారు. వీడ్కోలు టీ దగ్గర ఆయన భార్య సరోజాదేవి గారు నన్ను పక్కకి పిలిచి కూర్చోబెట్టుకున్నారు.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు సూర్యకుమారీ. పూజనాడు అది చెప్పింది నువ్వు కాదా?"

నేను టీ కప్పులోకి చూశాను.

"మా ఆయన ఆ రోజు ఇంటికొచ్చి అన్నం సయించక లేచిపోయినారు. 'ఆవిడ దరఖాస్తు నా బల్ల మీదే ఉంది, అనుభవం లేదని పక్కన పెట్టినాను. ఇవాళ నా చెవులతో విన్నాను. పదిమందిలో ఔనని ఉంటే రేపే సంతకం పెడుదును. కాదన్నాక ఏటని రాయను?' అన్నారు."

ఇంటికి నడిచి వచ్చాను. గూడ్సు అడ్డమొచ్చి లెవెల్ క్రాసింగు దగ్గర చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. వ్యాగన్లు వెళ్తూనే ఉన్నాయి. ఇంతకాలం నాకొక సుఖం ఉండేది. నా జీవితం ఇలా కావడానికి కారణం ఫలానావాళ్ళు అనుకునే సుఖం. అత్తగారి మాట, మా ఆయన నవ్వు, పాలవాడు, కుళాయి, ఒకరు కాకపోతే ఒకరు దొరికేవారు. సరోజాదేవి గారు ఒక్క కప్పు టీతో దాన్ని లాగేసుకున్నారు. ఒక మనిషి తలుపు తీసి పట్టుకుని, లోపలికి వస్తారా అని అడిగాడు. నేను చమత్కారంగా మాట్లాడి తలుపు వేసేశాను. ఆ జవాబు నాకెవరు నేర్పారో నాకు తెలుసు. కానీ ఆ గదిలో దాన్ని పలికింది నేను. 'నేనేనండీ.' ఎన్ని అక్షరాలున్నాయి అందులో? కమాండులో అంతకంటే ఎక్కువున్నాయి, తప్పు పోకుండా చెప్పాను.

ఇదంతా మా ఆయనతో అనలేదు. అంటే ఆయన నిజాయితీగా, "నేను వద్దన్నానా?" అంటారు. అనలేదు మరి.

మరుసటి ఏడాది జులైలో, మధ్యాహ్నం మూడింటికి, వంకాయలు తరుగుతుంటే ఫోను మోగింది.

"అదే, ఆ దీపం వెలిగించే కమాండు ఏటి? తొందరగా సెప్పు." మా ఆయన గొంతు బాగా సన్నగా ఉంది. "మళ్ళీ ఒక డిస్కు పోతోంది. నంబర్లు తారుమారుగా అంటించినారు. నీ నోట్సు తియ్యి."

నోట్సు అక్కర్లేదు. నోటి చివర ఉంది. కానీ ఆయన గొంతు సన్నగా ఎందుకుందో తెలుసుకోవాలనిపించింది.

"పక్కన ఎవరున్నారండీ?"

"అందరూ ఉన్నారు. ఆలిస్, సమూయేలు, కొత్త ఆఫీసరు ముఖర్జీ గారు. సెప్పవే."

"ఎవరికి ఫోను చేస్తున్నానని చెప్పారు?"

అవతల ఏసీ హోరు వినిపించింది.

"కలకత్తా ఇంజనీరుకి," అన్నారు.

కలకత్తా ఇంజనీరు కత్తిపీట మీంచి లేచి చేతులు తుడుచుకుంది. ఈసారి ఉద్యోగం లేదు, దరఖాస్తు లేదు. వయసు కూడా దాటిపోయింది. అడిగే మనిషి రిటైరై విజయనగరం వెళ్ళిపోయాడు. ఇప్పుడు చెప్పినా దాచినా నాకు వచ్చేది ఏమీ లేదు. అందుకే కాబోలు భయం వెయ్యలేదు.

"చెప్తాను. ముందు ఎవరిని అడుగుతున్నారో వాళ్ళతో చెప్పండి."

"ఇప్పుడా? లిస్టు పోతాదే."

"పోదు. అది చెడటానికి కొంత టైము తీసుకుంటుంది. పదకొండో అధ్యాయంలో ఉంది."

ఏసీ హోరు ఆగిపోయింది. ఆయన రిసీవరు చేత్తో మూసుంటారు. తరవాత చేయి తీసి, ముఖర్జీ గారి వైపు తిరిగి కాబోలు, బెంగాలీలో గొణిగారు: "ఆమార్ బౌ జానే, సార్." నా భార్యకి తెలుసు సార్, అని.

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"వాళ్ళకి వినపడి ఉండదు. ఇంకొంచెం గట్టిగా అనండి," అన్నాను.