పొగమ్మ మొగుడు

రోజూ ఆ ఇంట్లో జరిగేది ఒకటే. కూతురు ఆస్పత్రి లాండ్రీలో నైట్ డ్యూటీ చేసొచ్చి, గుమ్మంలో చెప్పులు విడిచి, గ్లాసుడు నీళ్లు తాగి, కిటికీకి కర్టెన్ లాగేసి పడుకుంటుంది. తండ్రి వంటింట్లోకి వెళ్తాడు. ఆయన సిటీ బస్సు తోలి తోలి రిటైరైన మనిషి. స్టవ్ ముందు కూడా కుర్చీ వేసుకునే కూర్చుంటాడు, స్టీరింగ్ ముందు కూర్చున్నట్టు. ఎడమ చేత్తో మూకుడు పట్టుకుని కుడి చేత్తో గరిట తిప్పుతాడు. ఉల్లిపాయలు ఎర్రబడతాయి, ఆ తర్వాత నల్లబడతాయి. పొగ లేస్తుంది. లేచి ఇటూ అటూ చూస్తుంది. సీలింగుకి బిగించిన తెల్ల డబ్బా ఉంది చూశారూ, పొగ అలారం, తిన్నగా దాని దగ్గరికెళ్లి మూతికి మూతి ఆనిస్తుంది.

ఇంకేముంది! కీ, కీ, కీ!

ఆ బిల్డింగులో ఒక వంటింట్లో అలారం మోగిందంటే అన్ని వంటిళ్లలోనూ మోగుద్ది. లిఫ్టు ఆగిపోద్ది. అందరూ మెట్లు దిగి రోడ్డు మీద నిలబడాలి, వాచ్‌మన్ ఇల్లిల్లూ చూసొచ్చి దాని నోరు మూయించేదాకా. సగం గడ్డం గీసుకున్నోడు ఆ సగంతోనే వచ్చేస్తాడు. తలకి సబ్బు పెట్టుకున్నామె సబ్బుతోనే వచ్చేస్తుంది. పైఇంటి టీచరమ్మకి మోకాళ్లు అరిగిపోయాయి, ఆవిడ కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగేసరికి మిగతావాళ్లు పైకెళ్లే టైమవుద్ది. అందరి మధ్యలో ఈయన, చేతిలో గరిట. కింద పెట్టొద్దామన్న ధ్యాస కూడా ఉండదు.

"ఏం డ్రైవరుగారూ, ఇవాళ అందరూ దిగినట్టేనా? వెనక ఇంకెవరన్నా ఉన్నారేమో చూసుకోండి!" అంటాడు సగం గడ్డమాయన.

అందరూ నవ్వుతారు. ఈయన గరిట వంక చూస్తాడు. ఇంతలో కూతురు వస్తుంది, నిద్ర కళ్లతో, జుట్టు రేగిపోయి. ఒక్కొక్కళ్ల దగ్గరికీ వెళ్లి, "సారీ అండీ, ఇంకోసారి అవ్వదండీ" అని చెప్పుకుంటూ పోద్ది. తప్పు చేసింది ఈయన, తల దించుకునేది ఆ పిల్ల. అది చూసినప్పుడల్లా ఆయనకి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఆ పిల్ల తల్లి ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లో అలారం మోగిందే లేదు. పొగ ఆవిడ మాట వినేది. అందులో ఎవరికీ వింత లేదు. కొందరి మాట కుక్కలు వింటాయి, కొందరి మాట కుట్టుమిషన్లు వింటాయి, ఈవిడ మాట పొగ వినేది. మూకుట్లోంచి లేచి ఆవిడ పక్కన కాసేపు నిలబడి, తర్వాత బుద్ధిగా కిటికీలోంచి దిగిపోయేది. అందుకే బిల్డింగంతా ఆవిణ్ని పొగమ్మ అనేవాళ్లు. "పొగమ్మగారూ, మావాడు పాలు మాడ్చాడు, ఒక్కసారి రారూ?" అని పిలిస్తే చేతులు తుడుచుకుంటూ వెళ్లేది. ఒక్కోసారి దారి తెలీని పొగ ఆవిడ వెంటబడి మెట్లు దిగి, వీళ్లింటి కిటికీలోంచి పోయేది.

ఆవిడ పోయింది. ఒకరోజు సంచితో మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుంది, మరి లేవలేదు.

"ఇంతకీ ఆవిడ పొగకి ఏం చెప్పేదండీ? మీకు తెలిసే ఉంటుందిగా, అదేదో మీరూ చెప్పెయ్యండి" అనేవాళ్లు జనం.

"ఆఁ, ఏదో అనేదిలెండి" అనేవాడు ఈయన.

ఏమనేదో ఆయనకి తెలీదు. ఇన్నేళ్ల కాపురంలో ఒక్కసారీ వినలేదు. డ్రైవరు పనిలో అంటుకున్న అలవాటది. వెనక ఎవరెక్కినా, ఎవరు దిగినా, ఎవరు కొట్టుకు చచ్చినా తల తిప్పకూడదు. చెవికెక్కాల్సింది కండక్టరు "రైట్ రైట్" అనే మాట ఒక్కటే. ఇంటికొచ్చినా అంతే. వంటింటికి వీపు పెట్టి టీవీ ముందు కూర్చునేవాడు. వెనక నుంచి ఆవిడ ఏదో అంటూనే ఉండేది. ఈయన "ఊఁ" అంటూనే ఉండేవాడు.

మరి తెలీనప్పుడు ఏం చేస్తాడు? తెలిసిన విద్యే చూపించాడు. పొగకి బస్సు వెనక్కి తీయించినట్టు చేతులూపాడు. "రా, రా, రా... ఎడమకి కొట్టు, ఎడమకి! హోల్డాన్!" పొగ కుడికే కొట్టి అలారం ఎక్కింది. ఇంకోరోజు గదమాయించాడు, ఇంకోరోజు తువ్వాలు ఝాడించాడు. ఆఖరికి పొగమ్మ స్నానానికి తలకి పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ వెతికి తీసి, స్టూలెక్కి డబ్బా మూతికి తొడిగాడు. పొగ దాని చుట్టూ తిరిగి తిరిగి, తలుపు సందులోంచి బయటికెళ్లి మెట్ల మీదున్న అలారాన్ని పట్టుకుంది.

వాచ్‌మన్ లోపలికొచ్చి పైకి చూశాడు. పూల పూల టోపీ పెట్టుకుని అలారం.

"ఏంటి పెద్దాయనా, దానికి తలంటు పోస్తున్నావా?" అన్నాడు. గుమ్మంలో మూగిన జనం ఘొల్లుమన్నారు. ఆ టోపీ లోపల పొగమ్మ వెంట్రుకలు రెండు అంటుకునే ఉన్నాయి. అది ఈయన ఒక్కడికే కనిపించింది. భూమి చీలితే బాగుండుననిపించింది.

నవ్వులయ్యాక వాచ్‌మన్ టోపీ ఊడదీసి ఈయన చేతికిచ్చి, గొంతు తగ్గించాడు. "ఓనరుగారు మరీ మరీ చెప్పమన్నారు. ఇంకొక్కసారి మోగిందంటే ఇల్లు ఖాళీ చేసెయ్యాలంట. నన్ను తిట్టుకోకు."

ఆ సాయంత్రం ఈయన టీవీ ముందు కూర్చున్నాడు. డ్యూటీకి బయల్దేరుతూ వెనక నుంచి కూతురంది, "నాన్నా, ఆస్పత్రి హాస్టల్లో ఒక మంచం ఖాళీ ఉందంట. ఇల్లు పోతే నేనక్కడికెళ్తా. నువ్వు బాబాయ్ దగ్గర ఉందువుగాని. అంతదాకా స్టవ్ వెలిగించకు, నేను బన్ను తింటాలే."

"ఊఁ" అన్నాడు. తలుపు మూసుకున్న చప్పుడయ్యాక గానీ ఆ పిల్ల ఏమందో బుర్రకెక్కలేదు.

మర్నాడు బల్ల మీద సగం కొరికిన బన్ను కనిపించింది. కూతురు ఆ సగంతోనే పడుకుంది. ఆయన మనసు కుదురుగా లేక మెట్లెక్కి టీచరమ్మ తలుపు కొట్టాడు.

"మీ మోకాళ్లని నానా బాధా పెట్టాను. క్షమించండమ్మా."

"లోపలికి రండి. చెప్పులతోనే రండి, వంగి తుడిచే ఓపిక నాకెలాగూ లేదు" అంది టీచరమ్మ, మోకాలి మీద వేడినీళ్ల సంచి సర్దుకుంటూ.

కాసేపు నసిగి, ఆఖరికి అడిగేశాడు. "మా ఆవిడ పొగకి ఏం చెప్పేదో మీకేమైనా తెలుసా అమ్మా?"

"మీరొచ్చి నన్ను అడుగుతున్నారా!" ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీ వంటింటి గొట్టం మా వంటింట్లోంచే పైకి పోతుంది. ఆవిడ మాటలన్నీ నాకు రేడియోలాగా వినపడేవి. పొగకేం చెప్పలేదండీ ఆవిడ. మీకు చెప్పేది. 'ఏమండీ, వింటున్నారా' అని మొదలుపెట్టేది. పంపులో నీళ్లు సన్నగా వస్తున్నాయనీ, లాండ్రీలో బట్టల సోడాకి పిల్ల అరచేతులు పగిలిపోతున్నాయనీ, మెట్లెక్కుతుంటే ఛాతీలో పట్టేసినట్టుంటోందనీ. మీరు ఊఁ అనేవారు. పొగ మాత్రం ఆగి వినేది. అంతా విన్నాక దాని దారిన అది పోయేది."

ఈయన గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"ఇప్పుడా ఇంట్లో మాటెక్కడిది? నోరున్నది ఆ డబ్బాకొక్కదానికే. పాపం, దాని దగ్గరికే పోతోంది" అంది టీచరమ్మ.

మెట్లు దిగుతూ దిగుతూ తమ గుమ్మం కూడా దాటిపోయాడు. పొగమ్మ కూర్చున్న మెట్టు దాటలేక గోడ పట్టుకుని నిలబడిపోయాడు. రోడ్డు మీద నలుగురూ నవ్విన సిగ్గు ఇప్పుడు సిగ్గులాగే అనిపించలేదు. ఇది వేరే.

ఇంట్లోకొచ్చి వంటింటి కిటికీ తీశాడు. బన్ను వంక చూశాడు. స్టవ్ వెలిగించాడు.

బంగాళాదుంపలు తరిగి వేశాడు. మంట ఎక్కువైంది. పొగ లేచింది, ఇటూ అటూ చూసి సీలింగు వైపు బయల్దేరింది.

"ఏమే..." అన్నాడు. "ఏమే, వింటున్నావా?"

పొగ ఆగింది.

ఆగింది సరే, ఏం చెప్పాలి? ఎన్నడూ చెప్పినవాడు కాదాయె. "పిల్ల చెప్పు తెగిందే. పిన్నీసు పెట్టుకుని నడుస్తోంది. ఇందాకే చూశా" అన్నాడు. పొగ కాస్త కిందికి దిగింది. "నీ టోపీ దానికి తొడిగాను. అందరూ నవ్వారు. నవ్వనీలే. ఉప్పు ఏ డబ్బాలో పెట్టావో ఇప్పటికీ దొరకలేదే." పొగ ఆయన భుజం దాకా వచ్చింది. దుంపలు మాడుతున్నాయి, ఇంకా పొగ లేస్తోంది, అది కూడా వచ్చి పక్కనే నిలబడుతోంది. "మెట్లెక్కుతుంటే పట్టేస్తోందన్నావంట కదే. నేను... నేను టీవీ చూస్తున్నా."

వంటిల్లంతా పొగ, కళ్లల్లోంచి ధారలు. డబ్బా మాత్రం కిక్కురుమనలేదు.

"నాన్నా, వింటున్నావా?"

వెనక కూతురు గొంతు. అలవాటుగా "ఊఁ" నోటిదాకా వచ్చింది. మింగేశాడు. స్టవ్ కట్టేసి, కుర్చీలోంచి లేచి, కుర్చీని కూడా ఇటు తిప్పుకుని, కూతురికి ఎదురుగా కూర్చున్నాడు.

ఆ పిల్ల తెల్లబోయింది. తండ్రి ఇలా ఎదురుగా చూడటం అలవాటు లేదు కదా. ఏం చెప్పాలని వచ్చిందో మర్చిపోయింది. ఈయనే చెయ్యి చాపి, ఆ పిల్ల అరచెయ్యి తీసుకుని వెలుతురులో చూశాడు. నిలువునా పగుళ్లు.

"సోడాకేనా?"

"నీకెవరు చెప్పారు?"

"మీ అమ్మ చెప్పింది" అన్నాడు. "నాకు ఇప్పుడు వినపడింది."

కూతురు గడప మీదే కూర్చుండిపోయింది. చెప్పడం మొదలుపెట్టింది. మిషన్ల వేడి, సూపర్‌వైజరు నస, దుప్పట్ల మధ్యలో దొరికిన ఎవరిదో కళ్లజోడు, అమ్మ లేని ఇంటికి రావాలంటే దిగులు. ఆయన విన్నాడు. పొగ కూడా కిటికీ దగ్గర ఆగి వింది, స్టాపులో బస్సు ఆగినట్టు. ఆ పిల్ల చెప్పడం అయ్యాక కూడా కదల్లేదు, ఈయన వంకే చూస్తోంది.

"రైట్ రైట్" అన్నాడు మెల్లగా.

పొగ కిటికీలోంచి దిగిపోయింది.

కూతురు మూకుట్లోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది. "మాడిపోయింది. ఉప్పు కూడా లేదు" అంది. ఆ పూట మూకుడు ఖాళీ చేసే పడుకుంది. హాస్టల్లో ఆ మంచం ఇంకో అమ్మాయికి ఇచ్చేశారు.