ఏడో ఫారం

లైబ్రరీ టీచరు ఓ కథ పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని బైండరు ఎదురుగా కూర్చుంది. మూడో తరగతి పిల్లలు రెండు జట్లయి కొట్టుకుంటున్నారని చెప్పింది. కథలోని ముసలి గాడిద చచ్చిపోయిందని ఒక జట్టు. చచ్చిపోతే మర్నాడు మూటలెలా మోసిందని ఇంకో జట్టు.

గాడిదా, దాని వీపెక్కి ఊరంతా తిరిగే బాతుపిల్లా చేసిన స్నేహం కథ అది. పిల్లలు చదివి చదివి పీలికలు చేస్తే, సెలవుల్లో విప్పి మళ్లీ కుట్టింది ఈ దుకాణంలోనే. పదహారు పేజీల మడతను బైండర్లు ఫారం అంటారు. పుస్తకానికి ఎనిమిది ఫారాలు. బైండరు తిరగేసి చూస్తే, ఏడోది వచ్చి నాలుగోదాని పక్కన కూర్చుని ఉంది. గాడిద పోయేది ఆ ఏడో ఫారంలోనే.

“వసపిట్ట కుట్టిన పుస్తకం ఇది,” అన్నాడు బైండరు. “నోరు ఆడుతుంటే చెయ్యేం చేస్తోందో దానికి తెలిసేది కాదు.” అని, వెంటనే గొంతు తగ్గించాడు. “పోయిన పిల్ల. ఏమనగలం చెప్పండి.”

టీచరు తల దించుకుంది. మూలన జిగురు కలుపుతున్న బైండరు మేనకోడలి చెయ్యి ఆగిపోయింది.

మేనకోడలికి నలుగురిలో మాట పెగలదు. ఆమెకు కావలసిన మాటలన్నీ అందరూ వసపిట్ట అని పిలిచే స్నేహితురాలే మాట్లాడేది. కొట్లో పెన్సిలు అడగాలన్నా ఆమే. ఈమెకు కడుపునొప్పొస్తే, నొప్పి ఏ పక్కనుందో టీచరుకు చెప్పేదీ ఆమే. సెలవుల్లో ఇద్దరూ మామయ్య దగ్గర పనికి కూర్చున్నారు. ఈమె ఫారాలు అందించేది, ఆమె కుట్టేది. అందించేవాళ్లు ఫారాల వరస అంకెలు చూసుకోవాలి, కుట్టేవాళ్లు దారం చూసుకోవాలి. దుకాణం పద్ధతి అది. బడి తెరిచాక వసపిట్టకు జ్వరం వచ్చింది. పదకొండు రోజులు మంచంలో ఉంది. పన్నెండో రోజు లేదు.

తప్పు ఎక్కడ జరిగిందో మేనకోడలికి ఇప్పుడు అర్థమైంది. ఈ పుస్తకం కుట్టిన రోజు గాడిద బతుకుతుందో లేదో తెలుసుకోకుండా ఉండలేకపోయింది. వసపిట్ట దారానికి మైనం రాస్తుండగా ఏడో ఫారం చాటుగా లాగి, ఒళ్లో పెట్టుకుని చదివింది. గాడిద పోయింది. బాతుపిల్ల దాని చెవి పక్కనే కూర్చుని కదలనంది. కళ్లు తుడుచుకుని, కంగారులో ఫారాన్ని చేతికందిన చోట దూర్చేసింది. ఎందుకేడుస్తున్నావని వసపిట్ట అడిగితే కంట్లో నలుసు పడిందంది. వసపిట్ట కన్ను తెరిచి ఉఫ్ఫని ఊది, మళ్లీ పనిలో పడింది. ఆ తర్వాత ఈమె అంకెలు చూడకుండానే అందించింది.

ఇప్పుడు ఊరుకుంటే అడిగేవాళ్లు లేరు. మామయ్య వారంలో సరిచేసి ఇస్తానంటున్నాడు. టీచరు సంచీ సర్దుకుని లేచింది. ఇలాంటప్పుడు మోచేత్తో పొడిచి, నువ్వుండు నేను చెప్తానంటూ ముందుకొచ్చే మనిషి పక్కన లేదు.

“మామయ్యా, తప్పు దానిది కాదు.”

ఇద్దరూ ఇటు తిరిగారు.

“ఏడో ఫారం తీసి చదివింది నేను. తప్పుగా పెట్టి అందించిందీ నేనే. అది దారం చూసుకుంది, అంతే. దాన్నేం అనకు.”

ఇన్ని మాటలు ఆ పిల్ల నోట ఒక్కసారిగా రావడం టీచరు ఎప్పుడూ వినలేదు. పుస్తకం అక్కడే ఉంచి, మెల్లగా మెట్లు దిగింది. బైండరు పుస్తకం అట్ట నిమిరాడు.

“నీ తప్పయితే విప్పడమూ నీ పనే,” అని కత్తి ఆమె వైపు జరిపాడు.

మేనకోడలు అట్ట ఊడదీసింది. పుస్తకం వీపున ఎండిన జిగురు తడిపి గీకింది. కుట్లు బయటపడ్డాయి. వసపిట్ట మొదటినుంచి చివరిదాకా తన చేత్తో కుట్టిన పుస్తకం ఇదొక్కటే. కాసేపు చూసి, దారం కింద కత్తి మొన దూర్చబోయింది. దూరలేదు. రెండోసారీ దూరలేదు.

“రావట్లేదు, మామయ్యా.”

బైండరు పుస్తకం తీసుకుని దారాన్ని గోటితో లాగాడు. అది లొంగలేదు. కళ్లద్దాలు సర్దుకుని ఇంకోసారి లాగాడు.

“గట్టిగా కుట్టింది,” అన్నాడు. “నేను కుట్టినా ఇంతే.”

మేనకోడలు తల ఊపి, పుస్తకాన్ని మళ్లీ తన ముందుకు జరుపుకుంది.