కమలాదేవి గొంతు

పదిహేడోసారి కూడా నా కొడుకుని పోలీసులకి సరిగ్గా పట్టివ్వలేకపోయాను.

నిజానికి నాకు కొడుకు లేడు. ఉన్నది ఒక్క కూతురు నేహా. దాన్నయితే మొదటిసారికే పట్టిచ్చేదాన్ని. ఈ కొడుకు కమలాదేవిది. కమలాదేవి ఒక హిందీ క్రైమ్ సీరియల్లో తల్లి. ఆ సీరియల్ని తెలుగులోకి మార్చి ఓ యాప్‌లో వేస్తున్నారు. నోయిడాలో ఒక బేస్‌మెంటు గదిలో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, తెర మీద ఆవిడ పెదాలు కదిలినప్పుడల్లా తెలుగు మాట్లాడడం నా పని. ద్వారకలో మా తెలుగువాళ్ళ ఉగాది కార్యక్రమంలో మైకు పట్టుకుని నేను వాగిన వాగుడు విని, సుధీంద్ర అనే డబ్బింగ్ డైరెక్టరు నన్ను పట్టుకున్నాడు. హైదరాబాద్ పిల్లాడు, ముప్ఫై కూడా ఉండవు. మా ఇంట్లో ఎవరూ నా మాట పూర్తిగా వినరు కనక నేను వెంటనే ఒప్పుకున్నాను.

ఇరవై అయిదు ఎపిసోడ్లు హాయిగా గడిచాయి. మేడ మీద అద్దెకున్నవాణ్ణి కొడుకు చంపి వస్తే, కమలాదేవి వాడి నెత్తుటి చొక్కా కాల్చేసి, "నా బిడ్డ ఇల్లు కదల్లేదు సార్" అంది. ఆ అబద్ధాలన్నీ నేను ఒక్కో టేకులో ఆడేశాను. "సూపర్ ఆంటీ!" అనేవాడు సుధీంద్ర. ఇరవై రెండేళ్ళ కాపురం, ఆ మాత్రం రాదా మరి.

చిక్కంతా ఇరవై ఆరో ఎపిసోడ్‌తో వచ్చింది. అందులో ఆవిడ స్టేషన్‌కి వెళ్ళి, ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడి, "వాడే చంపాడు సార్, నా కొడుకే చంపాడు" అనాలి.

"ఆంటీ, కొడుకుని పట్టిస్తున్నట్టు లేదు. ఇంట్ల కరివేపాకు అయిపోయిందని చెప్తున్నట్టుంది."

గొంతు పెంచాను.

"ఇప్పుడు కూరగాయల భయ్యాని పిలుస్తున్నట్టుంది."

ఏడ్చాను. జలుబు చేసినట్టుందన్నాడు. చివరికి హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుని, నా ముఖం చూడకుండా చెప్పాడు. "రేపు పదకొండుకి ఒక్కసారి చూద్దాం ఆంటీ. కాకపోతే ఇగ హైదరాబాద్‌ల వేరే ఆమెతోటి చెప్పిస్తం. అప్పుడు పాతవన్నీ కూడా ఆమెతోనే చెప్పియ్యాలె, ఒకటే గొంతుండాలె గద. ఏమనుకోకండి."

అంటే నా ఇరవై అయిదు ఎపిసోడ్లూ తుడిచేస్తారన్నమాట.

మెట్రోలో దారి పొడుగునా గొణుక్కుంటూనే ఉన్నాను. వాడే చంపాడు. వాడే... చంపాడు. కరోల్ బాగ్‌లో ఎక్కి నా పక్కన కూర్చున్నావిడకి తెలుగు రాదు. అయినా నా ముఖం చూసి సంచీ తీసి అవతలి పక్కన పెట్టుకుంది. కూర్చోలేక లేచి నిలబడ్డాను. నిలబడలేక మళ్ళీ కూర్చుందామంటే సీటు పోయింది.

ఇంటికొచ్చేసరికి మా అత్తగారు హనుమాయమ్మ గారు డైనింగ్ టేబుల్ దగ్గర గోంగూర ఒలుస్తున్నారు. తెనాలి నుంచి వచ్చి ఆరు నెలలయింది. నా సీరియల్ ఒక్క ఎపిసోడ్ వదలరు. "నీ గొంతుకేం, బానే ఉంది. ఆ కమలాదేవే మంచిది కాదు. కొడుకు తప్పు చేస్తే చెంప పగలగొట్టాలా, చొక్కా కాలుస్తుందా?" అంటారు ప్రతి వారమూ.

ఆవిణ్ణి చూడగానే నాకొక దుర్బుద్ధి పుట్టింది.

రెండు రోజుల కిందట మా ఆయన రాజగోపాల్ సుగర్ రిపోర్టు వచ్చింది. మూడు నెలల సగటు తొమ్మిదిన్నర. డాక్టరు కళ్ళజోడు తీసి మరీ చూశాడు. మా ఆయన మినిస్ట్రీలో సెక్షన్ ఆఫీసరు. ఫైలు మీద నోట్ రాసినంత నిబ్బరంగా, "నేను స్వీటు ముట్టుకోను డాక్టర్ సాబ్" అన్నారు. అత్తగారేమో ల్యాబ్ వాళ్ళే తప్పు రాశారని తేల్చేశారు. నేహా కోసమని ఆవిడ చేసే సున్నుండలు వంటింట్లో పై అరలో ఉంటాయి. నేహా వాటి వంక చూడదు, "డైట్ పే హూఁ, నానమ్మా" అంటుంది. అయినా డబ్బా ఖాళీ అవుతూనే ఉంటుంది. నేనంత తెలివితక్కువదాన్ని కాదు. గొడవెందుకని ఊరుకున్నాను, అంతే.

ఓ తల్లి కొడుకుని ఎలా పట్టిస్తుందో వినాలంటే నా చేతికి అందుబాటులో ఉన్న తల్లి ఆవిడొక్కతే.

డబ్బా దింపి ఆవిడ ముందు పెట్టాను. "అత్తయ్యా, ఆదివారం నిండుగా ఉంది. ఎవరు తిన్నారు?"

"నేనే తిన్నాను."

"ఇన్నా?"

"ఏం, ముసల్దాన్ని తినకూడదా?"

"మీరు తీపి మానేసి పదేళ్ళయిందిగా. మొన్న గుళ్ళో చక్కెర పొంగలి కూడా కళ్ళకద్దుకుని నా చేతిలో పెట్టారు."

గోంగూర కాడ ఒకటి విరిచారు. "పిల్ల తినుంటుంది. పైకి వద్దంటుంది గానీ..."

"నేహా ఆదివారం నుంచీ జైపూర్లో ఉంది అత్తయ్యా, కాలేజీ టూరు."

ఆవిడ తొణకలేదు. నిజం చెప్పొద్దూ, కమలాదేవి ఆవిడ ముందు దిగదుడుపే. చెయ్యి ఆగలేదు, చూపు తిప్పలేదు. నా ముఖంలోకి చూస్తూనే ఆకు తుంచి గిన్నెలో వేస్తున్నారు.

"మరి ఆ పనిచేసే దీదీ ఉందిగా. రోజూ వంటింట్లోనే కదా తిరిగేది. నేను చూశానని కాదు..."

"అచ్ఛా," అన్నాను. "అయితే రేపొచ్చినప్పుడు అడిగి, మానిపించేస్తాను. దొంగతనం చేసేదాన్ని ఎలా ఉంచుకుంటాం?"

ఇక్కడే నేను ఆగాల్సింది. కానీ లేచి ఫోన్ కూడా తీశాను. "రేపటి దాకా ఎందుకు, ఇప్పుడే చెప్పేస్తా."

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. అరుస్తారనుకున్నాను, కనీసం ఏడుస్తారనుకున్నాను. ఆ రెండూ కాలేదు. ఒళ్ళో రాలిన ఆకులు ఒక్కొక్కటీ ఏరి గిన్నెలో వేసుకున్నారు. పమిట సర్దుకున్నారు. తర్వాత, ఎవరో పక్కింటివాళ్ళ సంగతి చెబుతున్నట్టు, మామూలు గొంతుతో అన్నారు.

"దాన్నేం అనకు. వాడే తిన్నాడు. నేనే పెట్టాను." ఇంకో గోంగూర కాడ చేతిలోకి తీసుకుని, "వాడు అడగనైనా అడగలేదు," అన్నారు.

నాలాంటి కోడలు ఎవరికీ వద్దు. ఆ నిమిషాన నేను ఆవిడ చెయ్యి పట్టుకోలేదు, కోప్పడనూ లేదు. మర్చిపోతానేమోనని బాత్రూంలోకి పరుగెత్తి, కుళాయి విప్పి, ఆ మూడు మాటలూ ఆ గొంతుతోనే పదిసార్లు చెప్పుకున్నాను. బయటికొచ్చేసరికి ఆవిడ డబ్బా పట్టుకుని కిందికి వెళ్ళిపోయారు. గేటు దగ్గర గార్డుకి ఇచ్చేశారట. మా ఆయనకి నేనేమీ చెప్పలేదు, ఆవిడా చెప్పలేదు.

మర్నాడు పదకొండుకి మైకు ముందు నిలబడి ఆ గొంతు తీశాను. "వాడే చంపాడు సార్. నా కొడుకే చంపాడు."

గాజు పలక అవతల సుధీంద్ర ముందుకి వంగాడు. "ఇది మస్తుంది ఆంటీ! కానీ చూడండి, ఆమె నోరెంత తెరిచింది? గొంతు చించుకుంటుంది. మీరేమో మెల్లగ అంటున్నరు. అతకట్లే."

నిజమే. తెర మీద కమలాదేవి కొండనాలుక దాకా కనబడుతోంది. నేను మోసుకొచ్చిన నిజం ఆ నోటికి పట్టేది కాదు. ఆ గొంతు కోసం ఒక మనిషిని నిలదీసి అంత పని చేశాను, ఇప్పుడది ఎందుకూ కొరగాదంటాడేమిటి?

"ఇంకొక్కసారి వెయ్యి బాబూ, చివరి దాకా."

వేశాడు. ఆవిడ అరుస్తుంది. వెంటనే కెమెరా ఆవిడ వెనక్కి వెళుతుంది. ఇన్‌స్పెక్టర్ ముఖమూ, కమలాదేవి వీపూ. హిందీలో అక్కడ ఏడుపు వినిపిస్తుంది, నాలుగైదు క్షణాలు. వీపు కనిపిస్తున్నంతసేపూ పెదాలతో పని లేదు, ఏ మాటయినా పడుతుంది. ఆ సంగతి నాకు నేర్పింది సుధీంద్రే.

"అరుపు నేను అరుస్తాను. ఆ తర్వాత నన్ను ఆపకు," అన్నాను.

కూరగాయల భయ్యాని పిలిచినట్టుంటే ఉండనీ అని అరిచాను. తెర మీద వీపు రాగానే, అక్కడుండాల్సిన ఏడుపు వదిలేసి, పమిట సర్దుకుని, అన్నాను.

"చొక్కా నేనే విప్పించాను సార్. నేనే కాల్చాను. వాడు అడగనైనా అడగలేదు."

సుధీంద్ర అదే ముక్క రెండుసార్లు వెనక్కి తిప్పి విన్నాడు. "ఇది స్క్రిప్టుల లేదు గద ఆంటీ?"

"లేదు."

"మరి ఎవరు రాసిన్రు?"

"మా అత్తగారు."

నవ్వాడు. జోకనుకున్నాడు. ఆ సాయంత్రమే మెసేజ్ పెట్టాడు. యాప్ వాళ్ళకి నచ్చిందట, మాట అలాగే ఉంచుతారట, కొత్త సీరియల్లో కూడా తల్లి గొంతు నాదేనట. మెసేజ్ నాలుగుసార్లు చదువుకున్నాను. సంతోషం వస్తూ వస్తూ ఎక్కడో ఆగిపోయింది. ఎందుకంటే శుక్రవారం ఎపిసోడ్ వస్తుంది, అత్తగారు చూస్తారు.

శుక్రవారం వైఫై పాడైందని చెబుదామనుకున్నాను. రౌటర్ దాకా వెళ్ళి కూడా వెనక్కి వచ్చాను. నాలుగింటికి ఆవిడ సోఫాలో కూర్చున్నారు. నేను కూర్చోలేక కుషన్లు సర్దాను, ఫ్యాన్ తగ్గించాను, మళ్ళీ పెంచాను.

"కాసేపు కుదురుగా ఉండమ్మా, తలనొప్పి వస్తోంది," అన్నారు.

కమలాదేవి అరిచింది. వీపు వచ్చింది. నా గొంతు ఆ మూడు మాటలూ అంది.

అత్తగారు రిమోట్ నాకిచ్చారు. "మళ్ళీ పెట్టు."

పెట్టాను. మూడోసారి కూడా పెట్టించారు. తర్వాత తెర వంకే చూస్తూ అడిగారు.

"ఆ మాట వాళ్ళు రాసిందేనా?"

"కాదత్తయ్యా. నేనే కలిపాను."

"చెప్పకుండా?"

"చెప్పకుండానే."

"నేనంత దీనంగా అనలేదు."

"లేదు. మీరింకా బాగా అన్నారు."

మెచ్చుకోలు ఆవిడకి పట్టలేదు. ఇన్‌స్పెక్టర్ బేడీలు తెమ్మంటున్నాడు. ఇద్దరం ఆ కుర్రాణ్ణి జీపెక్కించే దాకా చూశాం. కమలాదేవి స్టేషన్ మెట్ల మీద ఒంటరిగా కూర్చుండిపోయింది.

"మళ్ళీ ఏదో కొత్త సీరియల్ ఒప్పుకున్నావట?"

"ఇంకా జవాబివ్వలేదు."

"అందులో తల్లి ఏం చేసింది?"

"తెలీదు. స్క్రిప్టు రాలేదు."

"వచ్చాక ముందు నాకు చదివి వినిపించు," అన్నారు, లేచి కళ్ళజోడు తుడుచుకుంటూ. "వినిపించకుండా మాత్రం ఆ నోయిడా వెళ్ళకు."

సరే అన్నాను. సుధీంద్రకి ఒప్పుకుంటున్నానని రాసేశాను. స్క్రిప్టు నిన్న వచ్చింది, ముప్ఫై పేజీలు. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని, నేనొచ్చి చదువుతానని టేబుల్ దగ్గర కూర్చున్నారు. నేను వంటింట్లో కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతున్నాను.