అబ్రిల్ గుర్ఫింకెల్ మొదటి ప్రసాదం

జల్మన్ గుర్ఫింకెల్, నేను చాలా ఏళ్లు ఒకే బడిలో పనిచేశాం. బ్యూనస్ ఐరీస్‌లో, విల్లా క్రెస్పో పేటలో, దర్జీలూ వడ్రంగులూ చందాలు వేసుకుని కట్టుకున్న యూదుల బడి అది. అక్కడ దేవుడి ఊసే ఉండేది కాదు. తూర్పు ఐరోపా యూదుల భాష, మా యిడ్డిష్, పాటలు, కథలు, సమ్మెల చరిత్ర, అవే మా మతం. ఆయన భాష చెప్పేవాడు, నేను పాటలు నేర్పేదాన్ని.

ప్రాయశ్చిత్త దినాన పేటలో యూదులంతా కడుపు మాడ్చుకుంటుంటే, జల్మన్ యూదుల గుడి సినగాగ్ ఎదురుగా కాఫీ హోటల్లో, కిటికీ పక్కనే కూర్చుని, మా మతం ముట్టుకోవద్దన్న పంది మాంసంతో శాండ్‌విచ్ తినేవాడు. "ఆకలిగొన్నవాడికి రొట్టె పెట్టని దేవుడి కోసం నేనెందుకు పస్తుండాలి?" అనేవాడు.

పిల్లలు తగ్గిపోయి బడి మూతపడింది. ఆ భవనంలో ఇప్పుడు జిమ్ నడుస్తోంది.

ఆయన కొడుకు దారియో క్రైస్తవుల పిల్ల మర్సేలాని చేసుకున్నప్పుడు చుట్టాలు మూతి ముడుచుకున్నారు. జల్మన్ మాత్రం పెళ్లిలో అందరికంటే ముందు లేచి గంతులేశాడు. "మనిషి మనిషిని చేసుకున్నాడు, అంతేగా!" అన్నాడు. నమ్మే అన్నాడు. వాళ్లకి అబ్రిల్ పుట్టింది. ఆ పిల్ల ఆయన్ని తాతా అనకుండా మా మాటతో 'జెయ్దె' అని పిలిచేది. గురువారం గురువారం బడి నుంచి నేరుగా తన ఇంటికి తెచ్చుకుని యిడ్డిష్ నేర్పేవాడు.

ఎనిమిదో ఏట, ఒక గురువారం ఆ పిల్ల గెంతుతూ చెప్పింది.

"జెయ్దె, వచ్చే వారం నుంచి నేను రాను. చర్చిలో క్లాసులు! మొదటి ప్రసాదానికి నాకు తెల్ల గౌను కుట్టిస్తున్నారు!"

క్రైస్తవుల పిల్లలు ఆ వయసులో చర్చిలో మొదటిసారి క్రీస్తు రొట్టె అందుకునే పండగ అది. జల్మన్ ఆ సాయంత్రమే కొడుకుని నిలదీశాడు.

"ఏంట్రా ఇది?"

"క్లాసులో పిల్లలందరూ తీసుకుంటున్నారు నాన్నా. ఇదీ సరదాపడింది."

"మనం యూదులంరా!"

"అంటే ఏం చెయ్యాలో చెప్పు, చేస్తాను. సినగాగ్ వద్దన్నావు. ఉపవాసాలొద్దన్నావు. దేవుడు లేడన్నావు, సరేనన్నాను. లేని దేవుడి దగ్గరికి అది ఏ గుమ్మంలోంచి వెళ్తే నీకేంటి?"

జల్మన్ కోడలి వైపు తిరిగాడట. మర్సేలా పక్కనే కూర్చుంది.

"మీకంత కష్టంగా ఉంటే మాన్పించేస్తాను మావయ్యా. కానీ దాని బదులు పిల్లకి మీరేమిస్తారో కూడా మీరే చెప్పండి," అంది. ఎత్తిపొడుపుగా కాదు, నిజంగానే అడిగింది.

మర్నాడు జల్మన్ జీవితంలో మొదటిసారి రోడ్డు దాటి సినగాగ్‌లో కాలుపెట్టాడు. అక్కడి మతగురువు, రబ్బీ, కుర్రవాడు. చూడగానే నవ్వాడు.

"చిన్నప్పుడు మిమ్మల్ని కిటికీలో చూసేవాణ్ణి మాస్టారూ. అటు చూడకురా అని మా నాన్న నా తల తిప్పేసేవాడు. కూర్చోండి."

"నా మనవరాలికి ఇక్కడ చోటివ్వండి. ఏదో ఒకటి నేర్పండి."

"తప్పకుండా. వాళ్లమ్మ ఎవరమ్మాయి?"

"క్రైస్తవుల పిల్ల."

రబ్బీ ముఖంలో నవ్వు పోయింది. "మాకు తల్లిని బట్టే లెక్క మాస్టారూ. ముందు మతం పుచ్చుకోవాలి. ఏళ్లు పడుతుంది."

"దాని తాతని నేను!"

"మీరు యూదులే. అందులో నాకు అనుమానం లేదు. మీరు పంది మాంసం తిన్నా యూదులే. ఆ పాప ఉపవాసమున్నా కాదు."

అక్కణ్ణుంచి తిన్నగా మా ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా కూలబడ్డాడు.

"పెర్లా, మళ్లీ బడి పెడదామా? మనం ఎవర్నీ తల్లెవరు, తండ్రెవరని అడగలేదు కదా."

"ఎవరొస్తారు జల్మన్?"

నా మనవలకి నా పాటల్లో ఒక్క పల్లవి కూడా రాదు. ఇంక ఆయనకేం ధైర్యం చెప్పను?

ప్రసాదం రోజున నన్నూ పిలిచారు. జల్మన్ ఇస్త్రీ కోటు వేసుకుని చివరి వరసలో కూర్చున్నాడు. తెల్ల గౌనులో అబ్రిల్ మెరిసిపోతోంది. భోజనాల దగ్గర అందరికీ తనే చిన్న చిన్న పటాలు పంచింది. వాటి మీద క్రీస్తు గుర్తులు గొర్రెపిల్ల, పాత్ర, కింద బంగారు అక్షరాలతో 'అబ్రిల్ గుర్ఫింకెల్'.

"బాగున్నానా జెయ్దె?"

"రాణీలా ఉన్నావే," అన్నాడు, స్పానిష్‌లో.

చర్చి క్లాసులు అయిపోయాయి గానీ గురువారాలు ఆయనకి తిరిగి రాలేదు. హాకీ మొదలైంది.

మొన్న కాఫీ హోటల్లో జల్మన్ ఆ పటం తీసి నా ముందు పెట్టాడు. "పోలండ్‌లో జర్మన్లు చంపగా మా వాళ్లలో మిగిలింది మా నాన్న ఒక్కడే. ఓడెక్కి వస్తూ ఆయన తెచ్చుకుంది ఈ పేరొక్కటే పెర్లా," అన్నాడు. ఆ మాటలు యిడ్డిష్‌లో అంటుంటే, కప్పులు తీసుకోడానికొచ్చిన కొత్త వెయిటర్ ఆగాడు.

"వినడానికి భలే ఉందండీ. ఏం భాష, జర్మనా?"

వెనకటికైతే జల్మన్ వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, వెయ్యేళ్ల చరిత్ర చెప్పి గానీ వదిలేవాడు కాదు. ఇప్పుడు తలెత్తి వాడివైపు ఒకసారి చూశాడు.

"అవును బాబూ, జర్మనే," అన్నాడు.

నేనూ దిద్దలేదు.