పసుపు గీకేసిన పీట

నేను ఒక పీటను. పెళ్లిపీటను. నన్ను చూసి ముచ్చటపడకండి, నాకు ఒళ్లు మండిపోతోంది.

పుట్టింది బర్మా అడవిలో. టేకు మానును పచ్చిగా నరికితే నీళ్లలో తేలదట. అందుకని కాండం చుట్టూ బెరడు కోసి వదిలేసేవాళ్లు. నిలబడ్డ చోటే ఏళ్ల తరబడి ఎండి చచ్చింది నా తల్లి. తర్వాత నరికి, ఏట్లో తేల్చి, రంగూన్ కోతమిల్లుకు చేర్చారు. ప్రతి దుంగ మీదా కంపెనీ ముద్ర కొట్టారు. ఆ దుంగలు మోసే మన తెలుగు కూలీలకు మాత్రం పేర్లే లేవు. కోరంగి రేవులో ఓడెక్కి వచ్చారని, ఏ ఊరివాడైనా అక్కడివాళ్లకు ‘కొరంగీ’యే.

మంచి పలకలు ఓడెక్కాయి. చివర మిగిలిన ముక్కను నేను. బాయిలర్లోకి తోయబోతుంటే రంపం లాగే సూరన్న అడ్డుపడ్డాడు. తాళ్లరేవు మనిషి.

“పారేసే ముక్కే కదా మేస్త్రీ, నాకిచ్చెయ్యి. మా నూకాలు పెళ్లికి పీట చేసుకుంటాను.”

కూతురు నూకాలు అప్పటికి ఉయ్యాల్లో ఉంది! మేస్త్రీ పడీపడీ నవ్వి ఇచ్చేశాడు, సూరన్న నన్ను పీటగా చెక్కుకున్నాడు.

ఆ ఏడే రంగూన్ మీద బాంబులు పడ్డాయి. సూరన్న రేవుకు పరుగెత్తాడు. ఓడలోకి పలకలు ఎక్కుతున్నాయి గానీ కూలీలు ఎక్కకూడదట! నన్ను వీపుకు కట్టుకుని, నా మీద పిల్లను కూర్చోబెట్టి, పెళ్లాం అప్పాయమ్మతో కొండదారి పట్టాడు. దారిలో అప్పాయమ్మను కలరా మింగేసింది. ఒకటే వాన. చుట్టూ అడవే, చితి అంటించడానికి ఎండుపుల్ల లేదు.

“ఆ పీట చీల్చి నిప్పు రాజెయ్యవయ్యా” అన్నారు తోటివాళ్లు.

“మరి పిల్లని దేనిమీద మొయ్యను?” అని ఏడ్చాడు సూరన్న. అప్పాయమ్మను ఆకులతో కప్పి వచ్చేశాం.

తాళ్లరేవులో నా పుట్టిల్లు ఎవడికి కావాలి? మన్యం టేకు బండ్ల మీద దిగుతున్న రోజులవి. నూకాలు పెళ్లినాటికి నాకు జోడీగా పెరటి మామిడిచెక్కతో ఇంకో పీట చేయించాడు సూరన్న. దాని మీద వరుడు, నా మీద నూకాలు. ఆ తర్వాత వీధిలో ఏ పెళ్లయినా మా ఇద్దరినీ అడిగి పట్టుకెళ్లి, పసుపు మరకలతో తెచ్చి ఇచ్చేవారు. బర్మాది ఏదో, పెరటిది ఏదో ఎవరూ అడగలేదు. అదీ మర్యాదంటే.

కాలం తిరగబడింది. అక్కడి అడవి బోడిదైంది, ఇక్కడి మన్యమూ బోడిదైంది. ఇప్పుడు ‘బర్మా టేకు’ అంటే చెప్పులు విడిచి దణ్ణం పెడుతున్నారు! నూకాలు మనవడు వీరబాబుకు కాకినాడలో తలుపుల దుకాణం ఉంది. ఒకరోజు నన్ను తిరగేసి, ఉలితో అడుగు గీరి, వాసన చూశాడు.

“అమ్మ బాబోయ్! అసలు సిసలు రంగూన్ సరుకు! ఇప్పుడా దేశంలోనే దొరకట్లేదు మామ్మా. షాపులో పెడతాను, ఇచ్చెయ్.”

“ఓరి సచ్చినోడా! మా అమ్మకి దక్కని కట్టెరా అది. నన్ను తగలేసేటప్పుడు నా గుండెల మీద పెట్టు. పట్టుకెళ్లి ఆవిడకిచ్చుకుంటాను. ఏం, పెడతావా లేదా?”

“నీ మీదొట్టు మామ్మా” అని నెత్తిన చెయ్యేశాడు.

మొన్న వానల్లో నూకాలు పోయింది. వీరబాబు అందరిముందూ భోరుమని ఏడుస్తూ ఆమె గుండెల మీద పీట పెట్టాడు. మామిడిచెక్క పీట! ఇద్దరికీ అవే పసుపు మరకలు, ఎవడు తిరగేసి చూస్తాడు? అది నోరెత్తకుండా కాలిపోయింది. పాపం, దాని తప్పేముంది?

నన్ను మాత్రం పసుపంతా గీకేసి, పాలిష్ పట్టి, దుకాణంలో అద్దాల వెనుక పెట్టాడు. ‘ముట్టుకోరాదు’ అని బోర్డు కూడాను. ఇన్ని పెళ్లిళ్లు మోసిన నన్ను ముట్టుకోరాదట!

నిన్న ఒకాయన వచ్చి, అమ్ముతారా అని అడిగాడు.

“మా మామ్మ గుర్తు సార్. ఎంతిచ్చినా అమ్మం, సెంటిమెంటు” అని కళ్లు తుడుచుకున్నాడు వీరబాబు. ఆ వెంటనే, “ఆ తలుపులూ ఇదే సరుకు సార్, చూడండి” అన్నాడు. పెద్దమనిషి కరిగిపోయి తలుపులకు బయానా ఇచ్చి వెళ్లాడు.

అప్పాయమ్మకు కాలలేదు, నూకాలుకూ కాలలేదు. చెద కూడా పట్టని జాతి నాది. వీడి ఏడుపు ఇంకా ఎన్నేళ్లు చూడాలో!